వాగులో దొరికిన జీపు

వాహనాల రిజిస్ట్రేషన్ అధికారి గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: కాలం చెల్లిన నా జీపును స్వయంగా నడిపి తుక్కు కేంద్రానికి అప్పగించవలసిందిగా తమ కార్యాలయం జారీ చేసిన నోటీసు – అమలు చేయలేని పరిస్థితి – మనవి.

నేను కళ్ళజోళ్ళ దుకాణం నడుపుకొనేవాణ్ణి. పాత జీపులు సేకరించడం నా పిచ్చి. నాలుగు చక్రాలూ లాగే బండి ఎక్కడో తుప్పు పడుతోందని తెలిస్తే నాకు అన్నం సయించదు. ఊరి చివర షెడ్డు నిండా బళ్ళే. గోడలకు పాత నంబరు ప్లేట్లు, రబ్బరు బుడ్డి హారన్లు. అద్దాల బీరువాలో డ్రైవర్ల బిళ్ళలు, టోపీలు. "మనుషులకన్నా ఇనుముతోనే మీ కాపురం బాగుంది" అని నా భార్య దెప్పుతుంటుంది. ఈ జీపు వచ్చేదాకా నేనూ ఆ మాటకు మురిసిపోయాను.

1. సదరు జీపు వరద సహాయ శాఖ వారు వేలం వేసినది. ఒక వానాకాలం, అవతలి గట్టున చిక్కుకున్నవాళ్ళను తేవడానికి వెళ్తూ వాగులో కొట్టుకుపోయింది. బండి దొరికింది, డ్రైవరు దొరకలేదు. ఈ సంగతి వేలంలో ఎవరూ చెప్పలేదు. నేనూ అడగలేదు.

2. బండి బాగు చేయించాను. మెకానిక్ ఇంజను విప్పి, కడిగి, బిగించాడు. అన్నీ సరిగ్గానే ఉన్నాయి, స్టార్టు మాత్రం కాదు. డ్రైవరు సీటుకు కొత్త స్పాంజి, కొత్త రెక్సిను వేయిస్తే, ఏళ్ళ తరబడి మనిషి కూర్చున్నట్టు కొద్దిరోజులకే కుంగిపోయింది. మళ్ళీ వేయించాను. మళ్ళీ కుంగింది. మండుటెండల్లో కూడా పెడళ్ళ కింద రేకు మీద తడి. మెకానిక్ గుడ్డతో తుడిచి వాసన చూశాడు.

"ఏమైనా కారుతోందా?" అన్నాను.

"కారడానికి ఇందులో ఏముందండీ? ఇది ఏటి బురద వాసన" అన్నాడు. సామాన్లు సర్దుకొని వెళ్ళిపోయాడు. మర్చిపోయిన పానా కోసం కూడా తిరిగి రాలేదు.

3. తరువాత ఒకావిడ వచ్చింది. ఆ డ్రైవరు భార్యనని చెప్పింది. ఏమనాలో తోచక, చూడవచ్చేవాళ్ళకు చూపించినట్టే ఆవిడకూ అన్నీ చూపించాను. అద్దాల బీరువా దగ్గర ఆవిడ ఆగిపోయింది. ఈ జీపు సీటు వెనక దొరికిన దువ్వెన అందులో ఉంది. 'పాతకాలపు డ్రైవరు దువ్వెన' అని చీటీ కూడా అంటించాను.

"చివర రెండు పళ్ళు ఉండవు చూడండి. పాకే వయసులో మా అమ్మాయి కొరికేసింది" అంది.

చూశాను. లేవు. బీరువా తాళం తీశాను. ఆవిడ దువ్వెన ముట్టుకోలేదు. జీపెక్కి, డ్రైవరు పక్క సీట్లో కూర్చుంది. ఇల్లు కురుస్తున్న సంగతి, అమ్మాయి పాల వ్యాను నడుపుతున్న సంగతి మెల్లగా చెప్పుకొచ్చింది. అవతలి మనిషి జవాబిస్తుంటే మనం ఆగినట్టు మధ్యమధ్య ఆగింది. అప్పటినుంచీ వస్తూనే ఉంది.

4. తమ నోటీసు ఆవిడకు చూపించాను. "తీసుకెళ్ళండి. ముందు ఆయన్ని దిగనివ్వండి" అంది. ఒక డ్రైవర్ని బతిమాలి తెచ్చాను. అతను కూర్చోబోయి, ఎవరి ఒళ్ళోనో పడ్డట్టు ఉలిక్కిపడి లేచాడు. ఇక నేనే నడుపుదామని వెళ్ళాను. అయ్యా, తల నెరిసినవాణ్ణి, పట్టపగలు, నా సొంత షెడ్డులో, నా సొంత బండి ముందు నిలబడి "ఎక్కొచ్చాండీ?" అని అడిగాను. జవాబు రాలేదు. రానందుకే భయపడి వెనక్కి వచ్చేశాను.

5. మొన్న ఆవిడ కూతుర్ని వెంటబెట్టుకొచ్చింది. పాలు దింపేసి నేరుగా వచ్చిందేమో, అమ్మాయి ఒంటిమీద ఇంకా డెయిరీ చొక్కా ఉంది. జీపు మెట్టు మీద కాలు పెట్టి, బస్సులో చోటడిగినట్టు "నాన్నా, కాస్త జరుగు" అంది.

సీటు కిర్రుమంది. అమ్మాయి ఇంకా కూర్చోలేదు.

కూర్చున్నాక తాళం తిప్పింది. ఇంజను ఒక్క దగ్గు దగ్గి అందుకుంది. తల్లి పక్క సీట్లో కళ్ళు మూసుకుంది. షెడ్డు చుట్టూ ఒక్క చుట్టు తిప్పి తెచ్చి ఆపాక, అమ్మాయి తన చేతులకేసి చూసుకుంటూ ఉండిపోయింది.

"నేను స్టీరింగు పట్టుకున్నానంతే బాబాయ్ గారూ. తిప్పింది నేను కాదు" అంది.

కావున, తుక్కు ఉత్తర్వును రద్దు చేసి, సదరు జీపును రోడ్డెక్కని ప్రదర్శన వాహనంగా నమోదు చేసి, ఆ అమ్మాయి పేరుకు మార్చవలసిందిగా ప్రార్థన. చోటు నా షెడ్డులోనే ఇస్తాను. ఇందులో ఒక్క మాటైనా కల్పన అనిపిస్తే తమరే స్వయంగా వచ్చి ఆ సీట్లో కూర్చోగలరు. ఈ విన్నపాన్ని తమరు చల్లని మనసుతో చిత్తగించాలని కోరుతూ,

తమ మాట జవదాటని,
ఈసారికి మాత్రం దాటక తప్పని విధేయుడు,
కళ్ళజోళ్ళ దుకాణదారు

తా.క.: పంపేముందు ఈ అర్జీ ఆవిడకు చదివి వినిపించాను. అంతా విని, "బండి గురించి బాగా రాశారు. ఆయన గురించి ఏమీ రాయలేదేం?" అంది.

"ఏం రాయమంటారమ్మా?"

"ఆయనకి ఈత రాదు. నీళ్ళంటే భయం. అవతల పిల్లల ఏడుపు వినబడుతోందని వెళ్ళాడు. అది రాయండి."

రాశాను.