కుట్టులోకి పోయిన గుడ్డ

అమ్మా,

కొండ మీద చలిలో వణుకుతున్న హాస్టలు వార్డెను గారి పాదాలకు, ఇంజనీరింగు పట్టా పుచ్చుకుని బొంతలు కుట్టుకుంటున్న ఏకైక పుత్రరత్నం నమస్కరించి రాయునది. ఇక్కడ నాన్న, నేను, నీ కోడలు బాగున్నాం. మూడు కుట్టుమిషన్లలో రెండు బాగున్నాయి. మూడోది మంచం పట్టింది, వైద్యం జరుగుతోంది. నీ కీళ్లనొప్పులు కూడా నీ మాట విని క్రమశిక్షణగా ఉన్నాయని తలుస్తాను.

నీ ప్రశ్నలకు జవాబులు. డైనింగ్ టేబుల్ నిండా మిషన్లు పెట్టానన్న మాట నిజమేనా అన్నావు. పచ్చి అబద్ధం. టేబుల్ మీద ఒక్కటే ఉంది. రెండోది నీ బీరువా పక్కన, రోగి కిటికీ కింద. వంటింటి తెర మాయమైందని నాన్న చాడీ చెప్పారట. మాయం కాలేదు, బొంతలో ఉంది. ఇక చివర్న, చోటు చాలనట్టు సన్నటి అక్షరాలతో, "కోడలికి నా మీద కోపమా? నీ ఉత్తరాల్లో తనదొక్క ముక్కయినా ఉండదేం?" అని అడిగావు. ఉత్తరమంతా ఆ ఒక్క ప్రశ్న కోసమే రాశావని తెలుసు. దానికి జవాబు నేనూ చివర్లోనే రాస్తాను. మధ్యలో వదిలేసి కిందికి దూకకు.

ఈ పిచ్చి ఎలా పట్టిందంటే, ఓ రోజు వానకు పాత సామాన్ల కొట్టులో దూరాను. మూలన నల్లటి చేతిమిషను, ఒళ్లంతా బంగారు పూలు. చక్రం తిప్పబోతే ససేమిరా అంది. లోపల నూనె ఎండి బంకయిపోయింది.

"అదిక పని చెయ్యదు బాబూ, పైన పూలకుండీ పెట్టుకో" అన్నాడు కొట్టాయన.

నాకు రోషం వచ్చింది. ఇంట్లో నా గురించి కూడా దాదాపు ఇదే అనేవారు కదా. ఆటోలో ఒళ్లో కూర్చోబెట్టుకుని తెచ్చాను. కిరసనాయిలు పోసి, పాత టూత్‌బ్రష్షుతో రుద్ది, మళ్లీ నూనె వేసి బతిమాలితే, ఓ సాయంత్రం చక్రం గిర్రున తిరిగింది. సూది దిగి, కింది దారాన్ని పట్టుకుని పైకొచ్చింది. నేను వేసిన కేకకు నాన్న స్నానాల గదిలోంచి సబ్బు నురగతో వచ్చేశారు. పీఠం మీద పూలు ఒక్కచోట మాత్రం అరిగిపోయాయమ్మా. ఎవరో ఏళ్ల తరబడి గుడ్డ జరుపుతూ ఎడంచెయ్యి ఆనించిన చోటు. ఇప్పుడు నా చెయ్యీ సరిగ్గా అక్కడే ఆనుతోంది.

ఆ తర్వాత మిగతా రెండూ వాటంతటవే వచ్చాయి. నమ్మవని తెలుసు. మూడోదాన్ని కడుగుతుంటే కిరసనాయిలు వాసన పడక నీ కోడలు రోజూ పెరట్లోకి పరుగు తీసేది.

నీకు చలికి నిద్ర పట్టడం లేదని రాశావు కదా, వెంటనే నీ మంచానికి సరిపడా బొంత కుట్టాలని తీర్మానించాం. లెక్కల బాధ్యత నాన్నది. జీవితమంతా పొలాలు కొలిచిన సర్వేయరు ఇంట్లో ఉండగా వేరేవాళ్ల సాయమెందుకు? ఇంట్లో ఉన్న నీ మంచం కొలిచారు. పటం గీశారు. మూలన ఉత్తర దిక్కు బాణం కూడా వేశారు.

"బొంతకి బాణమెందుకు నాన్నా?"

"పటమన్నాక బాణం ఉండాల్రా. నీకు తెలీదు, నోర్మూసుకుని కత్తిరించు."

అగ్గిపెట్టెలంత ముక్కలు. ఆయన చొక్కాలు, నా చొక్కాలు, నీ తెర. నూలుపోగు తేడా రాకుండా కోశాను. అన్నీ కలిపి కుట్టి, నీ మంచం మీద పరిచాం. సగానికి కూడా రాలేదు!

నాన్న కొలిచారు. మళ్లీ కొలిచారు. "ఒరేయ్, ముక్కలు మింగావా?" అన్నారు. నేను టేపు మీద అనుమానం వ్యక్తం చేశాను. ఇంతలో నీ కోడలు మందుల షాపు నుంచి వచ్చింది. గుమ్మంలోంచే చూసి, "మావయ్యా, కుట్టులోకి పోయే గుడ్డ లెక్కలో వేశారా?" అంది.

నాన్న టేపు కింద పెట్టేశారు.

"భూమికి కుట్లుండవు కదమ్మాయ్" అన్నారు నాన్న చిన్నగా. "రెండు పొలాలు పక్కపక్కన పెడితే మధ్యలో ఏమీ పోదు."

"మరి గట్ల దగ్గర జనం ఊరికే కొట్టుకుంటారా మావయ్యా?"

ముగ్గురం కడుపు పట్టుకుని నవ్వాం. తర్వాత నాన్న, తప్పు కొలతను క్షణం కూడా భరించలేని మనిషి కదా, "విప్పి మళ్లీ మొదలుపెడదాం" అన్నారు. నేను బ్లేడు తీశాను. నీ కోడలు నవ్వు ఆపేసింది.

"దాన్ని ముట్టుకున్నావంటే ఊరుకోను."

బొంత నా చేతిలోంచి లాక్కుని, మడిచి, పొట్టకు హత్తుకుని గదిలోకి వెళ్లిపోయింది. నాన్న అటే చూస్తూ నిలబడ్డారు. బ్లేడు నా దగ్గర తీసుకుని సొరుగులో పడేశారు. "కొలత సరిగ్గానే ఉన్నట్టుందిరా" అని కళ్లజోడు తుడుచుకున్నారు. నేను ఒక్క మాటా చెప్పలేదమ్మా. ఆయనే కనిపెట్టారు.

నువ్వూ కనిపెట్టేసి ఉంటావు. పాపం, కిరసనాయిలు తప్పేమీ లేదు.

పోయినసారి తెలిసిన రోజే నీకు చెప్పేశాం. నువ్వు ఆ సాయంత్రమే ఊలు కొనేశావు. తర్వాత ఆ ఊలు ఎక్కడ దాచావో ఎవరం అడగలేదు. అందుకే ఈసారి కుదుటపడేదాకా నోరు మెదపొద్దని నీ కోడలు నాచేత ఒట్టు పెట్టించుకుంది. నిన్న డాక్టరమ్మ, "ఇక మీవాళ్లకి చెప్పుకోండి" అంది.

ఇక కోపం సంగతి. లేదని రాసేద్దామనుకున్నాను. ఎందుకైనా మంచిదని నిన్న అడిగాను. "అమ్మకి ఈ కబురు నువ్వే రాయి" అన్నాను.

"అత్తయ్య నాకెప్పుడైనా రాశారా?" అంది. "కవరు మీద నీ పేరే. లోపలా నీకే. అప్పుడు కూడా నన్ను ఓదార్చమని నీకే రాశారు."

అప్పుడు గుర్తొచ్చింది. పోస్టు వచ్చినప్పుడల్లా ముందు లేచేది తనే అమ్మా. కవరు తిప్పి చూసి, నా చేతిలో పెట్టి పనిలో పడిపోతుంది. నా బద్ధకం ఎరిగి సాయం చేస్తోందనుకున్నాను, చదువుకున్న గాడిదని.

తన గాయం కెలక్కూడదని నువ్వు రాయలేదు. నీ బెంగ కెలక్కూడదని తను రాయలేదు. మధ్యలో ఉత్తరాలన్నీ నేనొక్కణ్ణే చదువుకుంటూ కూర్చున్నాను.

నీ బొంత మళ్లీ మొదలుపెట్టాం. ఈసారి పటం కోడలిది, కత్తెర మామగారిది. దీనికి జవాబు మాత్రం నాకొద్దు. తనకి రాయి. జాగ్రత్తలు తర్వాత చెప్పొచ్చు, ముందు నీ హాస్టలు పిల్లల అల్లరి రాయి, నా చిన్నప్పటి పరువు తక్కువ పనులు రాయి, నీకేం తోస్తే అది. కవరు మీద తన పేరొక్కటే ఉండాలి. పోస్టు వచ్చే వేళకి నేను ఏదో వంకన బయటికి పోతాను.

ఇట్లు,
మీ అత్తాకోడళ్ల మధ్య కుట్టులో ఇరుక్కున్న
నీ కొడుకు