జహనుమాకు రానన్న కరెంటు చేప

జహనుమా, హైదరాబాదు

మీకు కమల నమస్కారాలు.

మద్రాసు కాలేజీలో కరెంటు చేపలకు మేత వేస్తున్నానని మీరు రాసింది అత్తమ్మకు చదివాను. మీ దగ్గరికి రావడానికి సర్దుకున్న నా పెట్టె విప్పేసింది. "షాకు కొట్టే చేపల కాడికి నా కోడల్ని పంపనే పంప!" అంటోంది. పెళ్లయ్యాక మనం కలిసి ఉన్నది ఏపాటి? ఏదో ఒకటి చెప్పండి.

మీ కమల

మరిచాను: కవరు మీద మీ పేరు రాయడానికి సిగ్గేసింది. పక్కింటి లీలమ్మక్క రాసింది.

---

మద్రాసు

కమలా, కులాసా.

ఈ చేప కరెంటుకు చిన్న బల్బు కూడా వెలగదు. తొట్టిలో చెయ్యి పెడితే చీమ కుట్టినట్టు కూడా ఉండదు. బురద నీళ్లలో కళ్లు ఆనవు గనుక తన చుట్టూ సన్నని కరెంటు పరుచుకుంటుంది. దగ్గర్లో రాయి ఉంటే ఆ కరెంటు ఒక తీరుగా మారుతుంది, పురుగుంటే ఇంకో తీరుగా. ఆ తేడా దాని ఒంటికి తెలుస్తుంది. చీకట్లో కూడా దేనికీ తగలదు. పెట్టె సర్దు.

నీ వైకుంఠం

తా.క.: రాయడానికి సిగ్గు సరే, ఈ పేరు చదివావా?

---

జహనుమా

మీకు నమస్కారాలు.

అత్తమ్మకు భయం పోయింది. "చూడకుంటనే పట్టేస్తదా? మస్తుగున్నది! తెమ్మను" అంది. బావిలో పడ్డ ముక్కుపుడక వెతికించాలట. గల్లీ అంతా చెప్పింది. రాహేలక్క చెంచా, దుర్గయ్య మామ తాళంచెవి కూడా అందులోనే ఉన్నాయట. చేప వచ్చాకే నన్ను బండెక్కిస్తుందట.

మీ కమల

మరిచాను: దుర్గయ్య మామ కట్టుడు పళ్లు కూడా ఆ బావిలోనే ఉన్నాయట. మనం తాగేది ఆ నీళ్లే.

---

మద్రాసు

కమలా,

చేపకు తెలిసేది జానెడు దూరమే. తెలిసినా తెచ్చివ్వదు. ప్రొఫెసరు గారు దాన్నీ పంపరు, నన్నూ పంపరు.

నిన్న ఒక తొట్టిలో రెండు చేపలను వేశాం. రెండింటి కరెంటూ ఒకే జోరులో కొట్టుకుంటే ఎదురుగా ఏముందో దేనికీ తెలియదు. అందుకని ఒకటి జోరు హెచ్చించింది, ఇంకోటి తగ్గించింది. లొల్లి లేదు. నువ్వూ అమ్మా గుర్తొచ్చారు.

నీ వైకుంఠం

తా.క.: ఆ చివరి మాట అమ్మకు చదవకు.

---

జహనుమా

మీకు నమస్కారాలు.

నేను బావి నుంచి వచ్చేసరికి లీలమ్మక్క మీ ఉత్తరం మొత్తం అత్తమ్మకు చదివేసింది, తా.క.తో సహా. బిందెతో గుమ్మంలోనే నిలబడిపోయాను. అత్తమ్మ ఎగాదిగా చూసి, "హెచ్చిన చేపను నేనే గదా?" అంది. నేను తల వంచుకున్నాను. "చూస్తివా లీలా, ఇది తగ్గింది!" అని ఒకటే నవ్వు.

నా పెట్టె తనే సర్దింది. దాని పక్కన తన పెట్టె కూడా పెట్టింది. "చేప రానంటే మనమే పోదాం. గవి ఒక్క తొట్ల ఉండంగ, ముగ్గురం ఒక్క అర్రల ఉండలేమా?" అంది. ఆదివారం బండికి ఇద్దరం వస్తున్నాం.

మీ కమల

మరిచాను: మీ ఒక్క గదిలో అత్తమ్మ మన నడుమ పడుకుంటుందట. చీకట్లో దేనికీ తగలకుండా ఎలా మసలాలో ఆలోగా ఆ చేప దగ్గర నేర్చుకోండి.