ఆకుపచ్చ ప్లస్సు

3-2-1986, సోమవారం

ఇవాళ మదనపల్లెలో, మా కాలేజీ ల్యాబ్ కిటికీలోంచి చూస్తే కొండ మీద ఆకుపచ్చ ప్లస్సు గుర్తు నిలబడి ఉంది. చేయి చాపితే ఏమీ లేదు. ఫిజిక్స్ లెక్చరర్ నారాయణస్వామి సార్ నవ్వారు. కింద చిన్న ఆకుపచ్చ బల్బు, దాని మీద ప్లస్సు కోసిన అట్ట, ఆపైన లెన్స్, అన్నిటికీ పైన ఏటవాలుగా గాజుపలక. అంతే. యుద్ధవిమానం పైలట్ తల దించి మీటర్లు చూడక్కర్లేదట. అంకెలు ఆకాశం మీదే కనిపిస్తాయట. లెన్స్ కిరణాలను సమాంతరం చేస్తే, గుర్తు ఎంతో దూరాన ఉందని కన్ను నమ్ముతుంది.

హెడ్స్ అప్ డిస్‌ప్లే. కాలిమేటర్. అనంత దూరం. ఇంటికొచ్చి పుంగనూరులో బస్సు దిగేదాకా ఈ మాటలు నోట్లోనే ఉన్నాయి.

పదిహేనో తేదీ ఎగ్జిబిషన్‌కు మోడల్ నేనే చేయాలి.

5-2, బుధవారం

ల్యాబ్ లెన్స్ ఇంటికివ్వరు. మా వీధి చివర కళ్లద్దాల అంగడి అలావుద్దీన్ తాతను అడిగాను. నలభై ఏళ్లుగా కాలి మిషన్ మీద అద్దాలు సానపడుతున్నాడు. ఏరోప్లేన్ తోలేవానిక్కూడా నేనే అద్దం సెయ్యాల్నా, వాడు పడితే నేరుగా నా అంగడి మీదే పడతాడు సూడమ్మా అన్నాడు. ఆదివారం రమ్మన్నాడు.

9-2, ఆదివారం, సాయంత్రం

లెన్స్ ఇచ్చాడు. అంగట్లోనే అన్నీ అమర్చి, పలకను ఎదురుగా ఉన్న మసీదు గోడ వైపు తిప్పి, తాతను ముందు కూర్చోబెట్టాను. ఆకుపచ్చ ప్లస్సు కనిపిస్తాందా అని అడిగాను. యాల కనిపించదు, గోడ మీద పచ్చంగా నిలబడుండాది, శానా బాగుండాది అన్నాడు.

నేను బ్యాటరీకి వైరు తగిలించడం మరచిపోయాను. బల్బు వెలగనే లేదు.

10-2

ఎవరికీ చెప్పలేదు.

11-2, మంగళవారం

తాతే పిలిచాడు. ఆ పొద్దు నువ్వు గమ్మునైపోతివే, అప్పుడే తెలిసిపాయె అన్నాడు. ఒక కన్ను పోయి ఏడాదయిందట. రెండోది మసక. కుప్పంలో ఉన్న కూతురు సఫియాకు మాత్రం చెప్పొద్దన్నాడు. తెలిస్తే అంగడికి బీగమేసి నన్ను ఆడికి ఎత్తుకపోతాది, ఆడ కూర్చోని నేనేం సేసేది అన్నాడు.

చెప్పనని మాటిచ్చాను.

12-2, బుధవారం

రెండో కన్నూ పోతే?

సఫియాకు కార్డు రాశాను. నాలుగు చింపి ఐదోది పోస్టు చేశాను. ఇన్ని మాటలు పోగేసుకున్నానే, ఒక్కటీ పనికి రాలేదు. మీ నాయన కళ్లు డాక్టరుకు చూపించండి అని మాత్రం రాశాను.

15-2, శనివారం

ఫస్ట్ ప్రైజు. లెన్స్ ఎవరు చేశారని సార్ అడిగారు. తాత పేరు చెప్పి, బల్బు వైరు పీకేశాను.

18-2, మంగళవారం

సఫియా వచ్చి, నిన్న తాతను మదనపల్లెలో కంటి డాక్టరుకు చూపించింది. పొర అయితే తీసేవాళ్లమని, ఇది నరం ఎండిపోవడమని, ఏడాది ముందు వచ్చుంటే ఏదైనా చేసేవాళ్లమని అన్నారట. మిగిలిన కన్ను కూడా నిలవదట. ఎల్లుండి కుప్పం ప్రయాణం.

సఫియా నా చేతులు పట్టుకుని, నువ్వు రాయకపోతే మాకెట్ల తెలిసేదమ్మా అంది. తాత పక్కనే ఉన్నాడు. నా వైపు తిరగలేదు.

19-2, బుధవారం

తాత కబురు పంపాడు. రేపు ఎనిమిదింటికి వాళ్ల బస్సు. అంతకు ముందే, అయిదింటికల్లా నన్ను అంగడికి రమ్మన్నాడు. సానపట్టడం నేర్పడానికి మిషన్ మీద కూర్చోబెడతాడట. అద్దాన్ని వేలికొనతో చూడాలంట.

గోళ్లు తీసేసుకుని రమ్మన్నాడు. నాలుగున్నరకు లేవాలి.