పురిటిగదిలో రెండో కుంపటి

చూలై, మదరాసు
8-12-1971

గౌరవనీయులైన వదిన వరదలక్ష్మిగారికి అలివేలు నమస్కరించి రాసేది. ఇక్కడ మేము ప్రాణాలతో ఉన్నాము. క్షేమం అని రాయడానికి చేయి రావడం లేదు. బిడ్డ పోయిన మర్నాడే మీరు ఆ వానలో బయలుదేరారు. నెల్లూరు చేరారో లేదో, మోకాళ్లు ఎలా ఉన్నాయోనని ఒకటే దిగులుపడ్డాను.

మీ జాబు అందింది. మీ కోడలు, నా కూతురు కోకిల నిద్రమత్తులో బిడ్డ మీదికి పొర్లిందనీ, ఇక మీ గడప తొక్కనివ్వననీ రాశారు. దిండు కింద దాచినా అది చదివేసింది. పాలు గట్టిపడి సలుపుతుంటే గోడవైపు తిరిగి పడుకుంటుంది.

పెద్దాసుపత్రి డాక్టరు చెప్పింది రాస్తాను, కోపం లేకుండా చదవండి. మూసిన గదిలో బొగ్గులు సగం సగం కాలితే ఒక విషవాయువు పుడుతుందట. వాసన లేదు, రంగు లేదు. సాంబ్రాణి పొగైతే కళ్లు మండి మనిషి లేస్తుంది, దీనికి దగ్గయినా రాదు. నెత్తుటిలో గాలి ఉండాల్సిన చోట అది చేరుతుందట. పసివాళ్లు ముందు పోతారట. లారీ పొగలోనూ అదే ఉంటుందట, వీధి తలుపు తీయాలన్నా నాకిప్పుడు భయం.

ముందునుంచీ తలనొప్పి, వాంతులు ఉన్నాయా అని ఆయన అడిగాడు. ఉన్నాయి. తల పగిలిపోతోందని కోకిల ఏడ్చింది. బాలింతకు చలిగాలి కొట్టిందని గదిలోకి ఇంకో కుంపటి వచ్చింది. ఆ మాట చెప్పగానే డాక్టరు కలం కింద పెట్టేశాడు.

కోకిల పొర్లలేదు. బిడ్డ మంచం మీదే ఉంది. ఇది తెలివితప్పి తలుపు దగ్గర పడి ఉంది, కింది సందులోంచి గాలి తగిలి బతికింది. ఈ జాబు అల్లుడు కోదండరాంకు చదివి వినిపించండి. ఆదివారం వచ్చి భార్యను పిలుచుకొని పొమ్మనండి.

ఇట్లు,
అలివేలు

తా.క. ఇది వేరే కాగితం మీద రాస్తున్నాను, మీకు మాత్రమే. కిటికీ సందుల్లో గోనెగుడ్డ కుక్కింది మీరు. రెండో కుంపటి తెప్పించింది మీరు. కాస్త కిటికీ తెరుద్దామా వదినా అని నేనంటే, మీ మదరాసోళ్లకి పురుడు పొయ్యడం ఏం తెలుసు, ఆరుగురిని కన్నదాన్ని నేను, ఊరికే కూర్చో ఆడ, అన్నారు. మగపెళ్లివారికి ఎదురు చెప్పకూడదని నోరు మూసుకున్నాను. ఇదేదీ అల్లుడికి తెలియదు. ఆయనకి వాళ్లమ్మంటే ప్రాణం, చెప్పొద్దుమ్మా, నన్నే అనుకోనీ, అంటుంది కోకిల. నేను అనుకోనివ్వను. ఆదివారం దాకా ఆగుతాను. మీరు చెప్పకపోతే, మీ కొడుకును ఆ గదిలోనే కూర్చోబెట్టి నేను చెప్తాను.