ఆర్చికి కాదు, ఆయాలకి

మా అమ్మ వరమ్మ నర్సు ఉద్యోగంలో కూడబెట్టిన డబ్బంతా ఏలూరులో కాలవగట్టు మీది పసిపిల్లల గృహానికి, ఆయాల జీతాల కోసమని చెప్పి ఇచ్చి కన్నుమూసింది. ఆ గృహం కమిటీ అధ్యక్షులు వెంకట్రాజు గారు ఆ డబ్బుతో గేటు ముందు ఆర్చి కట్టించి, దాని మీద అమ్మ పేరు చెక్కించారు. ఇది అన్యాయం. ముందు ఇది రాయకుండా మిగతాది రాయలేను.

నేను, కీ.శే. యోసేపు గారి కుమారుడు బొంతు నెల్సన్, వయసు ఇరవై ఆరు, ఆకివీడు కాపురస్థుణ్ణి. వచ్చే వారం నాకు గుండె ఆపరేషను. బుద్ధి నిలకడగానే ఉంది. కోపమూ ఉంది. ఎవరి ఒత్తిడీ లేకుండా నా ఇష్టప్రకారం రాస్తున్న మొదటి వీలునామా ఇది.

1. నాన్న వైపునుంచి నాకు సంక్రమించిన, తాడేపల్లిగూడెం ఉల్లిపాయల మార్కెట్ వెనక ఉన్న గొడౌను అద్దె నా తదనంతరం సదరు గృహంలోని ఆయాల జీతాలకు మాత్రమే చెందాలి. గొడౌనును అమ్మరాదు, తనఖా పెట్టరాదు. అద్దె కమిటీ చేతికి వెళ్లకుండా నెలనెలా నేరుగా ఆయాల ఖాతాల్లో పడాలి. టైల్స్‌కీ శాలువాలకీ పైసా మళ్లించినా ఆ అద్దె వేరే పిల్లల గృహంలోని ఆయాలకు పోతుంది.

వెంకట్రాజు గారు దుర్మార్గులు కారు. ఆర్చి ప్రారంభం రోజున కళ్లు తుడుచుకుంటూ, "జీతమైతే నెలాఖరుకి అయిపోద్ది బాబూ. ఇదైతే అమ్మగారి పేరు వందేళ్లుంటాదండీ" అన్నారు. ఆ ఆర్చి దాటి లోపలికెళ్తే దానమ్మ గారు ఒక్కరే ఆయా. ఒళ్లో ఇద్దరు పిల్లలు. మిగతావాళ్ల పాలసీసాలు ఉండలుగా చుట్టిన తువ్వాళ్లకు ఆనించి ఉన్నాయి. నోట్లోంచి సీసా జారిన పిల్ల ఒకతి కాసేపు ఏడ్చి ఊరుకుంది. ఎవరూ రారని అంత చిన్నదానికీ తెలిసిపోయింది.

2. ఆర్చిని పడగొట్టవద్దు. ఒకసారి నేనే కూలీలను మాట్లాడాను. దానమ్మ గారు అడ్డొచ్చి, "ఆళ్లకిచ్చే కూలితో ఇంకో మనిషిని పెట్టరాదా బాబూ" అన్నారు.

3. కామవరపుకోటలో టీచరుగా ఉన్న మా అక్క నిస్సీకి ఇంట్లో నా సగం వాటా, అమ్మ డ్యూటీకి పెట్టుకున్న వాచీ. అక్కా, గొడౌను నీకు రావాల్సిందని అందరూ అంటున్నారు. నువ్వు ఒక్కసారీ అనలేదు. ఈ వీలునామాను అమలు చేసే బాధ్యతా నీ నెత్తినే పెడుతున్నాను.

4. జీవరత్నం బాబాయికి, సమాజం మారాలంటూ నేను అచ్చేయించిన కరపత్రాల్లో మిగిలినవన్నీ. "ముక్కూ మొహం తెలీని పిల్లలకి ఆస్తేంట్రా? రేపు నిన్ను నాన్నా అని పిలుస్తారా?" అన్నారు. పిలవరు. చదవండి బాబాయ్, లేదంటే మీ కొట్లో ఎండుచేపలు పొట్లాలు కట్టుకోండి.

ఆ కరపత్రాలే కైకలూరులో చేపల లారీల దగ్గర గొంతు పోయేలా అరుస్తూ పంచాను. ఇప్పుడు నాలుగు మెట్లెక్కితే ఆయాసం. సమాజం మారేది ఎప్పుడో నాకు తెలీదు. ఈలోగా ఆ పసిపిల్లల గదిలోకి ఇంకో మనిషి కావాలి.

5. నేను పోతే జ్ఞాపకార్థ కూడికా, భోజనాలూ, ఫ్లెక్సీలూ వద్దు. ఆ తర్వాత వచ్చే మొదటి ఆదివారం సాయంత్రం నాలుగు గంటలకు, పిల్లలు నిద్ర లేచే వేళకు, అందరూ గృహం దగ్గరికి రండి. కమిటీ ముందు అక్క ఇది చదువుతుంది. కొత్త ఆయాను ఆ పూటే పనిలో పెట్టుకోవాలి. వెంకట్రాజు గారూ, మీరూ రండి. చదవడం అయ్యేదాకా తలా ఒక పిల్లను ఎత్తుకుని కూర్చోండి.

ఆకివీడు, 14 జూలై 2025

(చేవ్రాలు) బొంతు నెల్సన్

సాక్షులు: హేమంత్‌కుమార్, నాగదుర్గ