ఏడు కాగితాలు, ఒకే రాత

మెదక్,
మంగళవారం

ఇరవై ఏళ్లు ఒకే మిల్లులో నాతో చాయ్ పంచుకున్న తమ్ముడు బిక్షపతికి,

దేవికా, మీ మామకు చదివి వినిపించేది నువ్వే కదా. మధ్యలో ఆగాలనిపిస్తుంది. ఆగకు బిడ్డా.

రాత ఇంత వంకరగా ఉందేమిటనుకోకు. చెబుతాను. నేను బడి మొహం చూడలేదు. బెల్లం కట్టిచ్చిన కాగితాలు చదివే అక్షరాలు నేర్చుకున్నాను. అందుకే ఏ వార్తా నాకు చివరిదాకా తెలియదు, సగంలోనే చిరిగి ఉండేది. రాత మాత్రం కుదిరింది. అదే కొంప ముంచింది. ఎవరిని పనిలోంచి పంపించేసినా మిల్లు సేటు ఇంద్రకరణ్ నన్నే పిలుస్తాడు. "గాలయ్యా, ఎప్పటి లెక్కనే రాయి." 'నా ఇష్టంతోనే పని మానుతున్నాను' అని రాస్తాను. వాళ్లు వేలిముద్ర వేస్తారు. ఇట్లా ఏడుగురికి రాశాను.

ఏడోది నీది. బస్తా మీదపడి నీ మోకాలు వాచిన రోజు, "గాలన్నా, ఏం రాసినవే?" అని అడిగావు. "సెలవు చీటీరా. కాలు తగ్గినంక రా" అన్నాను. కాగితం తర్వాత సేటే మార్చాడని నువ్వు ఇప్పటికీ అనుకుంటున్నావు. ఎవరూ మార్చలేదు. నిన్ను గేటు దగ్గర ఆపిన రోజు నేను లోపల బస్తాల చాటున నిలబడ్డాను.

ఇప్పుడు నువ్వు కార్మిక శాఖలో ఫిర్యాదు ఇచ్చావు. మిగతా ఆరుగురూ నీ వెంట వచ్చారు. ఈ గురువారం వచ్చి చెప్పమని వాళ్లు నన్ను పిలిచారు. సేటు అన్నాడు: "ఎవల కాగితం వాళ్లే రాయించుకొచ్చిండ్రని చెప్పు. లేకుంటే ఎనిమిదో కాగితం ఎవలిదో సోంచాయించుకో." అప్పటినుంచి ఒకటే భయం. అరవై నాలుగేళ్లవాణ్ని ఎవరు పనిలో పెట్టుకుంటారు? మోసంలో నాకూ శిక్ష పడితే నా భార్య రాజమణి గతేమిటి? అక్కడ రాసి చూపమంటే పట్టుబడకూడదని రెండు రోజులుగా వంకరగా రాయడం నేర్చుకుంటున్నాను. ఈ ఉత్తరమూ ఆ సాధనే.

పిరికి అన్న,
గాలయ్య


మెదక్,
శుక్రవారం

బిక్షపతీ,

మంగళవారం రాసింది పోస్టు చేయలేకపోయాను. రెండూ ఒకే కవరులో పెడుతున్నాను. నిన్న కార్మిక శాఖ ఆఫీసులో నువ్వు బయట బెంచీ మీదున్నావు. నీ మొహం చూడలేక వెనక దారిన లోపలికి పోయాను. లోపల జరిగింది విను.

అధికారి స్నేహలత మేడం ఏడు కాగితాలూ బల్ల మీద పరిచి, నాకొక తెల్ల కాగితం ఇచ్చింది. "అదే మాట మీరు రాయండి." సేటు నన్నే చూస్తున్నాడు. మొదటి అక్షరం వంకరగానే వేశాను. అంతలో నీ వేలిముద్ర కనబడింది. దాని అంచున ఇంకో మసక మరక. నాది. నీ బొటనవేలు పట్టి నొక్కింది నేనే కదా. ఆ అక్షరం కొట్టేసి, కుదురుగా రాశాను. తర్వాత నోరూ విప్పాను, సేటు చెబితే ఏడూ నేనే రాశానని. మళ్లీ పిలుస్తారట.

ఇవాళ పొద్దున మిల్లులో సేటు నా ముందు కాగితం పెట్టాడు. "రాయి, ఎప్పటి లెక్కనే."

"నేను మానుతలేను సేటూ. మీరు తీసేస్తున్నరు. ఎందుకో మీరే రాసియ్యుండ్రి. తీసుకుంట" అన్నాను. ఆయన కలం తీశాడు. రాయకుండానే మూత పెట్టేశాడు. ఆయన రాసియ్యాల్సిన ఆ కాగితం కోసమే గేటు బయట కూర్చుని నీకు ఇది రాస్తున్నాను. భయం పోలేదు తమ్ముడూ. పక్కనే కూర్చుంది.

నాకు సంతకం వచ్చు. అయినా బొటనవేలే వేస్తున్నాను. దేవికా, ఈ ముద్ర పైన ఏముందో మామకు ఉన్నదున్నట్టు చదువు: సెలవు చీటీ అని అబద్ధం చెప్పింది నేను.

గాలయ్య వేలిముద్ర