గాజుల చప్పుడుకు వచ్చే కుందేలు

మీరు చదవరని తెలిసే రాస్తున్నాను. మెట్‌పల్లి అంగట్లో మీరు కొనితెచ్చిన కుందేలు ఇవాళ అడ్డంగా పెట్టిన చేటను దూకింది.

కొత్తిమీర పెట్టేటప్పుడు నా గాజులు గలగలమనేవి కదా, అది ఆ చప్పుడుకే పరుగెత్తి వచ్చేది. మీరు పోయిన పదోనాడు అత్తమ్మ నా గాజులు తీయించింది. ఆ తర్వాత ఎంత పిలిచినా కుందేలు గంపలోంచి కదల్లేదు.

"కట్టెతోని అదిలిస్తె అదే వస్తది" అంది అత్తమ్మ.

నేను వినలేదు. చప్పట్లు కొట్టి, అది ఒక్క అడుగు వేస్తే ఒక రెమ్మ, రెండడుగులు వేస్తే ఇంకో రెమ్మ పెట్టాను. నెల తిరిగేసరికి వాకిలి ఆ చివరినుంచి కూడా వచ్చింది. తర్వాత వెనక కాళ్ల మీద నిలబడటం నేర్చుకుంది. మీరైనా ఇంత బాగా నేర్పేవారు కాదు, ఒప్పుకోండి.

మీరు పోయి ఇవాల్టికి ఏడాది. కుందేలు దూకడం అత్తమ్మ గడపలో నిలబడి చూసింది. లోపలికి పోయి, ఆనాడు తీయించిన నా పచ్చ గాజులే తెచ్చి ఒళ్లో పెట్టింది. ఒక్కటీ పగలలేదు.

"చప్పట్లకు మంచిగనే నేర్పినవ్. గీ గాజులకు సుత నేర్పియ్యి, బిడ్డా."

తొడుక్కున్నాను. నేర్పాల్సిన పనే పడలేదు. చేతిలో కొత్తిమీర లేకపోయినా, మొదటి చప్పుడుకే వచ్చింది.